జల్లెడ చట్రం మీద మేకతోలు

గాల్వేలో ఒక పబ్బు. శనివారం రాత్రి. ఒకాయన తొడ మీద గుండ్రటి తోలు వాయిద్యం నిలబెట్టుకుని, ఎడమ చెయ్యి లోపలికి పెట్టి, కుడి చేత్తో చిన్న కర్ర ఆడిస్తున్నాడు. ఒకే కర్ర, రెండు కొసలూ తోలుకు తగులుతున్నాయి. మన డప్పుకైతే సిర్ర ఒక చేతిలో, చిటికెన పుల్ల ఇంకో చేతిలో. పేరు అడిగితే ‘బౌరాన్’ అన్నాడు.

మా బాపు డప్పు కొడతాడు. కడతాడు కూడా. ఈ మాట ఇక్కడి మన తెలుగువాళ్లతో ఆరేళ్లుగా అనలేదు. ‘నాన్నగారు ఏం చేస్తారు?’ అంటే ‘వ్యవసాయం’ అంటాను. అబద్ధమేం కాదు, కూలికి పోతాడు.

బౌరాన్‌కీ పెద్ద గౌరవమేం ఉండేది కాదట. ఒకప్పుడు పల్లెల్లో జల్లెడ చట్రానికి మేకతోలు బిగించి చేసుకునేవాళ్లు. డిసెంబర్ 26న, ‘రెన్ డే’ నాడు, గడ్డి వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాళ్ల చేతిలో మోగేది. 1960ల్లో షాన్ ఓ రియాడా అనే సంగీతకారుడు తన బృందంలోకి తీసుకున్నాకే దానికి వేదిక మీద కుర్చీ దొరికింది.

అది చదివాక నేనే ఒకటి కట్టాలనిపించింది. పల్చటి చెక్క పట్టీలు ఆవిరికి వంచి, ఆరాక ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించా. 16 అంగుళాల చట్రం. సున్నంలో వేసి వెంట్రుకలు తీసిన మేకతోలు కొన్నా. (ఇంట్లోనే సున్నం తొట్టి పెడితే మా ఆవిడ నన్ను బయట పెట్టేది.) రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, బలం కొద్దీ లాగి, చుట్టూరా ఇత్తడి మేకులు కొట్టేశా. తొందరగా ఆరాలని రేడియేటర్ పక్కన పెట్టా. తెల్లారేసరికి తోలు బిగుసుకుని చట్రం కోడిగుడ్డులా అయ్యింది. మేకుల దగ్గర చీలింది కూడా.

బాపుకు వీడియో కాల్ చేసి చూపించా.

“తోలు మీద బలం జూపిచ్చినవా?” అని నవ్విండు. “తడి తోలు ఆరుకుంట అదే గుంజుకుంటది బిడ్డా. ముడతలు పోయేదాక గుంజు, చాలు. నీడకు ఆరబెట్టు. మంట కాడికి వాయించే ముందల గని, గిప్పుడెందుకు?”

ఒక మేకు కొడితే రెండోది దానికి సరిగ్గా ఎదురుగా కొట్టాలట. నలభై నిమిషాలు మాట్లాడాడు. మామూలుగా మా ఫోన్ రెండు నిమిషాలే. పైసలు అందినయా, మందులు వేసుకుంటున్నవా, అంతే.

రెండోసారి వెనక అడ్డకర్ర బిగించా, చట్రం వంగకుండా. వెనక గదిలో రెండు రోజులు ఆరబెట్టా. మోగింది! ఇక్కడి చెమ్మకు తోలు వదులైతే కాస్త వేడి చూపించాలి. పబ్బులో జనం వేడికి మరీ బిగిస్తే మాత్రం లోపలివైపు నీళ్లు రాస్తారు. ఇది చెప్తే బాపు నమ్మలేదు.

“డప్పుకు నీళ్లా? పిచ్చోళ్లా వాళ్లు!”

మొన్న ఉగాదికి హాల్లో అందరం కలిసినప్పుడు దాన్ని పట్టుకెళ్లా. వాయిస్తుంటే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, “ఎక్కడ నేర్చుకున్నారండీ కట్టడం?” అన్నారు.

“మా బాపు డప్పులు కడతాడండీ” అన్నా.

ఆయన ఒక్క క్షణం ఆగారు. “ఓహో” అన్నారు. తర్వాత, తోలు ఎక్కడ దొరికిందని అడిగారు.