అడగవలసిన మాట

మా అక్కయ్య కూతురు అమెరికానుంచి నెలరోజుల సెలవుమీద వచ్చింది. వచ్చిన మర్నాటినుంచీ మా అక్కయ్య యింటినిండా జనం. అమెరికా పిల్లను చూడటానికి వచ్చేవాళ్ళు సగం. నర్సుపిల్ల వచ్చిందట, ఓమాటు బ్లడ్ ప్రెషరు చూపించుకుపోదామని వచ్చేవాళ్ళు సగం. ఎదురింటి పంతులుగారు చొక్కాచెయ్యి పైకి మడిచి బల్లమీద పెట్టి, "అక్కడ ఏ విభాగంలో పని, అమ్మా?" అని అడిగారు. "మానసిక వైద్యంలోనండీ, బాబాయిగారూ" అంది అమ్మాయి. పంతులుగారు నెమ్మదిగా మడత విప్పేసుకున్నారు. అది నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని ప్రెషరు చూసి మరీ పంపించింది.

మా అక్కయ్యకి ఈ సంగతి పదిమందిలో బయటపడటం ఇష్టం లేదు. ఎవరైనా అడిగితే, "డాక్టరులాంటిదే అనుకోండి" అంటుంది. ఆవిడన్నది బొత్తిగా అబద్ధం కాదు గాని, ఎందుకు అలా అంటున్నదో నాకు తెలుసు. చినవాల్తేరనో, ఎర్రగడ్డనో ఊరిపేరు చెబితే చాలు, మనవాళ్ళకి నవ్వొస్తుంది. ఎవరినో అనడమెందుకు? తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికేవాణ్ణి, మాట విలువ తెలిసినవాణ్ణి. "నిన్ను ఎర్రగడ్డకి పంపించాలిరా" అని క్లాసులో ఎన్నిసార్లు అన్నానో, పిల్లలు ఎన్నిసార్లు గొల్లుమన్నారో లెక్కలేదు.

ఓ సాయంకాలం డాబామీద కూర్చున్నప్పుడు, "అసలు నువ్వక్కడ చేసే పనేమిటే?" అని అడిగాను.

దాని ఉద్యోగం పేరు సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టిషనరు. ముందు మామూలు నర్సుగా లైసెన్సు వుండాలి. ఆపైన మానసిక వైద్యంలో మాస్టర్సు గాని, డాక్టరేటు గాని చదవాలి. చదువుతూనే కొన్ని వందల గంటలు రోగుల దగ్గర పనిచేసి, పరీక్ష ప్యాసయి, రాష్ట్రంవారి దగ్గర మళ్ళీ లైసెన్సు తెచ్చుకోవాలి. ఇదంతా అయ్యాక రోగిని తానే పరీక్షించి, జబ్బేదో తానే నిర్ణయించి, మందుకూడా తానే వ్రాయవచ్చు. సుమారు సగం రాష్ట్రాలలో దీనికి ఎవరి అజమాయిషీ అక్కరలేదు; తక్కినచోట్ల ఒక డాక్టరుతో ఒప్పందం వుండాలి. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం మానసిక వైద్యంలో పనిచేసే నర్సును పేరుపెట్టి గుర్తించింది గాని, తనంతట తానే మందు వ్రాసే కలం మాత్రం ఆవిడ చేతికి ఇవ్వలేదు.

అక్కడైనా ఇది ఒక్కరోజున రాలేదు. నర్స్ ప్రాక్టిషనరు అనే పద్ధతిని 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. మానసిక వైద్యం మట్టుకు అంతకు ముందే హిల్డిగార్డ్ పెప్లౌ అనే ఆవిడ దారి వేసింది. 1952లో పుస్తకం వ్రాసి, 1954లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో నర్సులకి మాస్టర్సు చదువు పెట్టించింది. ఆవిడ చెప్పిన దాన్ని మా అమ్మాయి నాకు రెండు ముక్కల్లో చెప్పింది: "నర్సు చేతిలో వున్న మొదటి పరికరం నర్సే, మావయ్యా. రోగికీ మనకీ మధ్య కుదిరిన నమ్మకంలోనే సగం వైద్యం వుంటుంది."

"బావుంది. అయితే కూర్చుని కబుర్లు చెప్పటానికి జీతమిస్తారన్నమాట!" అన్నాను.

"కబుర్లు వాళ్ళు చెబుతారు. నేను వింటాను" అంది.

అలాగని అంతా మాటలతో పోయే పని కాదుట. మనిషి దిగులుగా, మందంగా వుంటే ముందు రక్తం పరీక్ష. థైరాయిడు తగ్గినా అచ్చం అలాగే వుంటుంది. శాకాహారులలో బి12 అనే విటమిను తక్కువైనా అంతే. దిగులు తగ్గించే మందులతో ఇంకో చిక్కు వుంది: వాటివల్ల కలిగే వికారమూ తలనొప్పీ మొదటివారంలోనే వస్తాయి, గుణం కనబడటానికి మాత్రం కొన్నివారాలు పడుతుంది. ఆ సంగతి ముందు చెప్పకపోతే రోగి మొదటివారంలోనే సీసా అవతల పారేస్తాడు. కుర్రవాళ్ళకయితే మొదటిరోజుల్లో మనసు మరింత కలతపడవచ్చు గనక వాళ్ళని తొందరగా మళ్ళీ పిలిపించి చూడాలి. లిథియం అని ఓ మందుంది. అది వేసుకునేవాళ్ళ రక్తంలో ఎంత పాలు వుందో, మూత్రపిండాలూ థైరాయిడూ ఎలా వున్నాయో తరచు చూడాలి. వేసవిలో చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినా, మోకాళ్ళ నొప్పులని బ్రూఫెన్ లాంటి బిళ్ళ మింగినా రక్తంలో ఆ మందు హద్దు మీరిపోతుంది. ఏకాదశికి నీళ్ళయినా ముట్టని మా అమ్మ నాకు గుర్తుకొచ్చింది. ఆవిడకి ఆ మందు వ్రాసేవాళ్ళు పంచాంగం కూడా దగ్గర పెట్టుకోవాలి కాబోలు!

ఎవరి సంగతీ అది విడిగా చెప్పదు. "పదిమందిని కలిపి ఒకరిని చేసి చెబుతాను, పేర్లడక్కు" అని ముందే షరతు పెట్టింది. అలా చెప్పినదే ఈ పెద్దావిడ కథ.

కూతురి కాన్పుకని వెళ్ళిన తల్లి. ఒళ్ళంతా మంటలు, గుండెదడ, నిద్ర లేదు. పరీక్షలన్నీ చేయించారు, ఏమీ కనబడలేదు. చివరకి మా అమ్మాయి దగ్గరికి పంపారు. అక్కడ తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి వుంటుంది. గడిచిన రెండు వారాలలో పనులమీద ఆసక్తి వుందా, నిద్ర పడుతున్నదా, ఆకలి వేస్తున్నదా, ఇలాంటివి. కూతురు పక్కన కూర్చుని తల్లికి ప్రశ్న అనువాదం చేస్తున్నది. తల్లి రెండు నిముషాలు మాట్లాడుతుంది. కూతురు ఇటు తిరిగి, "ఏమీ లేదంటోంది" అంటుంది! తెలుగు వచ్చిన నర్సు ఎదురుగా వున్నదని ఆ పిల్లకి స్ఫురించలేదు. ఇంటివాళ్ళచేత అనువాదం చేయించకూడదని అక్కడివాళ్ళ పద్ధతి. అంచేత కూతుర్ని కాసేపు బయట కూర్చోమని, తానే అడిగింది.

"విచారంగా వుంటున్నారా, అమ్మా?"

"నాకేం విచారం! బంగారంలాంటి అల్లుడు."

మా అమ్మాయి కాగితం పక్కన పెట్టింది. "ఎవరిమీద బెంగ పెట్టుకున్నారు?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పావుగంట ఏడ్చిందిట. భర్త పోయి ఏడాది తిరగలేదు. ఆ యింట్లో సంధ్యవేళ దీపం పెట్టే దిక్కు లేదని బెంగ.

నేను ఇరవైయేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. బెంగ అన్న మాటకి ఇంత పని వుందని నాకు తట్టలేదు. విచారం ఊరికే కూడా వుంటుంది. బెంగ అలా కాదు. ఎవరిమీదనో, దేనిమీదనో వుండాలి. వ్యాకరణమే ఆవిడచేత సంగతి చెప్పించింది. "మందు వ్రాశావా మరి?" అన్నాను. "వ్రాశాను. ఇక్కడి డాక్టరుకి చూపించుకోమని ఉత్తరమూ ఇచ్చాను. తిరుగు ప్రయాణం టిక్కెట్టు నెల ముందుకి జరపమని కూతురికీ చెప్పాను" అంది.

ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న ఒకటి వుంది. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తున్నదా, అని.

"శివ శివా! పెద్దావిడను అదికూడా అడిగావా?" అన్నాను. "తథాస్తు దేవతలుంటారే! లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదూ?"

"అందరూ అలాగే అనుకుంటారు. కాని పరిశోధనలు చేసి చూశారు, మావయ్యా. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. వున్నవాడికి మాత్రం, అమ్మయ్య, ఎవరో ఒకరు అడిగారని బరువు దిగుతుంది. అయితే అడగటం చేతకావాలి. 'అలాంటి పిచ్చి ఆలోచనలేవీ లేవుగదా?' అని అడిగావనుకో, లేవు అనే చెబుతాడు. లేవుగదా అన్నప్పుడే జవాబు నువ్వే చెప్పేశావు. 'చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?' అని అడిగి, నోరు మూసుకుని కూర్చోవాలి."

నాకు జవాబు తోచలేదు. అది ప్రశ్నల సంగతి చెబుతున్నది. నాకు 2012లో మా స్టాఫ్ రూము కళ్ళకి కట్టింది.

అప్పుడు నా క్లాసులో ఓ కుర్రవాడు వుండేవాడు. పద్యం చదివితే పక్క క్లాసువాళ్ళు పాఠం ఆపేవారు. ఆ ఏడాది దసరా సెలవుల తరవాత చదవడం మానేశాడు. వెనకబెంచీకి మారాడు. గడ్డం పెరిగింది. ఓరోజున పిలిచి, నిలబెట్టే అడిగాను: "ఏమిటోయ్, ఇబ్బందులేమీ లేవుగదా?" "లేవండీ" అన్నాడు. మంచి పని చేశాననుకుని కాఫీకి వెళ్ళిపోయాను. మరి పది పన్నెండు రోజులకి వాళ్ళ నాన్న వచ్చి టి.సి. పట్టుకుపోయాడు. కుర్రాడికి జ్వరమన్నాడు. ఆ ఏడు పరీక్షలు అయిపోయాక గాని అసలు సంగతి తెలియలేదు. వాడు ప్రాణం తీసుకోబోయాడు. దక్కాడు. పోలీసు కేసవుతుందని ఇంటిల్లిపాదీ నోరు కుట్టుకున్నారు. ఆ భయం ఉత్త భయం కాదు. అప్పట్లో శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం అది నేరమే. 2018 మేలో కొత్త మానసిక ఆరోగ్య చట్టం అమలులోకి వచ్చాక, అలాంటి మనిషి తీవ్రమైన మానసికమైన ఒత్తిడిలో వున్నట్టే భావించి శిక్షలేకుండా వైద్యం ఇప్పించాలన్నారు. 2024 జులైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ సెక్షనే లేదు. ఆ తండ్రికి 2012లో ఈ చట్టాలు లేవు. ఆ కొడుక్కి 'గదా' లేకుండా అడిగే మేష్టరూ లేడు.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. అది నన్ను ఓదార్చలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. "నీకెప్పుడైనా తప్పిపోయిందా?" అని అడిగాను. "ఒకసారి" అంది. అంతే. పిట్టగోడ మీదికి వాలిన మామిడికొమ్మకేసి చూస్తూ వుండిపోయింది. నేను మళ్ళీ అడగలేదు.

తరవాత తనే అందుకుంది. "అవునన్నాడనుకో, కంగారుపడకు. నీకేం తక్కువరా అనకు. ఉపన్యాసం అసలే వద్దు. ఎలాగో ఆలోచించుకున్నాడా, ఎప్పుడో అనుకున్నాడా, అదికూడా అడుగు. ఎవరికీ చెప్పనని మాటమాత్రం ఇవ్వకు. ఒంటరిగా వదలకు. తీసుకెళ్ళి డాక్టరుకి అప్పజెప్పేదాకా నీ పని అయిపోయిందనుకోకు." మన ప్రభుత్వంవారు 2022 అక్టోబరులో పెట్టిన టెలి మానస్ నంబరు, 14416, నాచేత డైరీలో వ్రాయించింది. రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పుచ్చుకోరు.

అది వెళ్ళిపోయిన వారంలోపే అక్కర పడింది. (కుర్రవాడు ఒప్పుకున్నాకనే ఇది వ్రాస్తున్నాను; గుర్తులు మార్చాను.) రెండో సంవత్సరం పిల్లవాడు. వారంనుంచి టిఫిన్ డబ్బా తెరవడం లేదని వాడి స్నేహితుడు వచ్చి చెప్పాడు. సాయంత్రం క్లాసులన్నీ అయ్యాక ఖాళీగదిలో కూర్చోబెట్టాను. నేనూ కూర్చున్నాను. ఇంటి సంగతులూ, హాస్టలు సంగతులూ అయ్యాయి. అడగవలసిన మాట నాలుకమీదికి వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. వేలమందికి పాఠం చెప్పిన నోరు తడారిపోయింది. చివరకి అడిగేశాను, ఉన్నది ఉన్నట్టు.

వాడు నాకేసి చూశాడు. కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు. "నెలనుంచీ, సార్" అన్నాడు.

నీకేం తక్కువరా అన్న మాట పళ్ళమధ్యదాకా వచ్చింది. ఆపుకున్నాను. వాడు చెప్పాడు, గంటన్నర చెప్పాడు. ప్యూను తాళంకప్ప పట్టుకుని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. నేను చెప్పిన గొప్పమాట ఒక్కటీ లేదు. 14416కి ఫోను చేసి ఇద్దరమూ మాట్లాడాం. వాళ్ళన్నయ్య వచ్చేదాకా మా యింట్లో వుంచాను; మా ఆవిడ చారూ అన్నం పెడితే సగం తిన్నాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఓ.పి. చీటీమీద ఏ విభాగం అని గుమాస్తా అడిగితే, మా అక్కయ్య మాదిరిగా గొణగకుండా, "మానసిక వైద్యం" అని గట్టిగానే అన్నాను. వెనక వరసలో ఎవరో తిరిగి చూశారు.

మందు ఇచ్చారు. పదిరోజులకొకసారి రమ్మన్నారు. గుణం ఇంకా అట్టే కనబడటం లేదని వాడే అన్నాడు. కొన్నివారాలు పడుతుందని నేను చెప్పాను, ఎప్పటినుంచో తెలిసినవాడిలాగ.

నిన్న సోమవారం క్లాసుకి వచ్చాడు. వెనకబెంచీలోనే కూర్చున్నాడు. పుస్తకం తెచ్చుకోలేదు. పాఠం చెబుతూ వెళ్ళి నా పుస్తకం వాడిముందు పెట్టాను. పద్యం నాకు కంఠస్థమేననే ధీమాతో మొదలెట్టి, మూడోపాదం మధ్యలో ఆగిపోయాను. క్లాసంతా నాకేసి చూస్తున్నది. వాడు తలెత్తకుండానే, చిన్నగొంతుతో తక్కిన మాటలు అందించాడు.