వయసు చెప్పడానికి ఆధార్ ఫొటో ఎందుకివ్వాలి?

వెబ్‌సైట్ వయసు అడిగితే ఇన్నాళ్లూ ఏం చేశాం? పుట్టిన సంవత్సరం దగ్గర స్క్రోల్ చేసి ఏదో ఒకటి నొక్కేశాం. ఆ రోజులు పోతున్నాయి. బ్రిటన్‌లో 2025 జులై 25 నుంచి పోర్న్ సైట్లే కాదు, రెడిట్, డిస్కార్డ్ లాంటివి కూడా అడల్ట్ కంటెంట్ చూపించే ముందు సెల్ఫీయో, గుర్తింపు కార్డో అడుగుతున్నాయి. ఆస్ట్రేలియా అయితే అదే ఏడాది డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్ అకౌంట్లే ఉండకూడదంది.

పిల్లల్ని కాపాడాలంటే నాకేం అభ్యంతరం లేదు. పేచీ అంతా పద్ధతితోనే. పదిహేనేళ్ల పిల్లాడెవరో తేల్చాలంటే ముప్పై ఏళ్లవాడూ కార్డు చూపించాల్సిందే కదా! మరి ఆ ఫొటో ఎక్కడికెళ్తుంది? కస్టమర్ సపోర్ట్ చూసే బయటి కంపెనీ ద్వారా సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని 2025 అక్టోబర్‌లో డిస్కార్డే చెప్పింది. వాటిలో వయసు విషయంలో అప్పీల్ చేసుకున్నవాళ్లు పంపినవీ ఉన్నాయి. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం. మొహం, పుట్టినతేదీ ఎలా మారుస్తాం?

పోనీ, ఆపగలిగారా అంటే అదీ లేదు. డెత్ స్ట్రాండింగ్ గేమ్ ఫొటో మోడ్‌లో హీరో మొహం చూపించి డిస్కార్డ్ ఫేస్ స్కాన్ దాటేశారు కొందరు (చదివి నవ్వాగలేదు). బ్రిటన్‌లో తమ సైనప్‌లు 1,400 శాతానికి పైగా పెరిగాయని ప్రోటాన్ వీపీఎన్ ప్రకటించింది. డబ్బులు పెట్టలేని కుర్రాళ్లు మాత్రం ఊరూ పేరూ లేని ఫ్రీ వీపీఎన్‌ల వెంట పడతారు. అది ఇంకో ప్రమాదం.

కొన్ని సైట్లు ఈ గొడవంతా ఎందుకని తలుపులే మూసేస్తున్నాయి. పిల్లల డేటా విషయంలో జరిమానా నోటీసు వచ్చాక, ఇమ్‌గుర్ సెప్టెంబర్ 30న బ్రిటన్ మొత్తాన్ని బ్లాక్ చేసింది. పాత రూటింగ్ గైడ్లలో స్క్రీన్‌షాట్లు సగం అక్కడే ఉంటాయి. మనకు ఇక్కడ కనిపించే స్టెప్ లండన్‌లో చదువుకుంటున్న మీ ఫ్రెండ్‌కి కనిపించదు. వెబ్ ముక్కలవడం అంటే ఇదే.

మన వంతూ వస్తోంది. 2025 నవంబర్‌లో నోటిఫై చేసిన డీపీడీపీ రూల్స్ ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అంటే ఇంటర్ కుర్రాడికి కూడా. కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. డిజీలాకర్ లాంటి చోటు నుంచి టోకెన్ ఇచ్చే దారి కూడా రూల్స్‌లో ఉంది. నేను కోరేది అదే. సైట్‌కి "18 దాటింది" అన్న ఒక్క జవాబు వెళ్తే చాలు. పేరు, నంబర్, ఫొటో వెళ్లక్కర్లేదు. యూరప్ తయారు చేసుకుంటున్న యాప్ ఐడియా కూడా ఇదే.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉన్నచోట, అమ్మ నంబర్ మీదే పిల్లాడి అకౌంట్ నడిచేచోట, అనుమతి ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే. ఆ ఫోన్ ఉండేదేమో పిల్లాడి చేతిలో.