బాకీ వేరు, ఇల్లు వేరు

అరకులోయలోనో, డుంబ్రిగుడలోనో, అనంతగిరిలోనో ఒక కొండదొర తెగ రైతు అప్పు తీర్చలేకపోయాడనుకుందాం. అప్పిచ్చినవాడు కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకోవచ్చు. కానీ ఆ డిక్రీ చేతపట్టుకుని, మైదానంలో చేయించినట్టు ఆ రైతు భూమిని జప్తు చేయించి వేలం వేయించలేడు. 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన దానికి అడ్డు నిలబడుతుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్దేశించిన మేరకు తప్ప గిరిజనుడి స్థిరాస్తి మీద డబ్బు డిక్రీ అమలు కాదు. దాన్నే 1970లో మరింత బిగించారు. ఏజెన్సీలో అందరి నోటా నలిగే ‘1/70 చట్టం’ అదే. మైదానంలో చాలామంది దీన్ని గిరిజనులకు చేసిన ప్రత్యేక ఉపకారంగా చూస్తారు, ఇంకొందరు అభివృద్ధికి అడ్డంకి అంటారు. నా దృష్టిలో ఇది అంతకంటే పెద్ద విషయం. బాకీ వసూలు చేసుకోవడం ఒకటి, బాకీ పడ్డవాడి నిలువనీడ లాక్కోవడం మరొకటి అని ఈ దేశంలో అతి స్పష్టంగా చెప్పిన చట్టం ఇది. ఆ తేడా చెరిగిపోయిన చోట ఏం జరుగుతుందో చూడాలంటే అమెరికా దాకా వెళ్లాలి. అక్కడ ఉన్నదీ మనవాళ్లే.

టెక్సస్‌లో, డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఇళ్లు కొనుక్కున్నాయి. అక్కడి కొత్త కాలనీల్లో ఇల్లు కొంటే ఇంటి యజమానుల సంఘం, అందరూ అనే మాటలో హెచ్ఓఏ, సభ్యత్వం ఇంటితోపాటే వస్తుంది. వద్దనుకునే వీలు లేదు. పార్కు, ఈతకొలను, వీధి చెట్లు, గేటు నిర్వహణకు ఏటా చందా కట్టాలి. కట్టకపోతే ఆ బాకీ ఇంటి మీదే పడుతుంది, చివరికి ఇల్లు వేలానికి వస్తుంది. విచిత్రమేమిటంటే, సొంత ఇంటిని అప్పులవాళ్ల నుంచి కాపాడే చట్టానికి టెక్సస్ పేరుమోసింది. 1839లో, అది ఇంకా స్వతంత్ర రిపబ్లిక్‌గా ఉన్నప్పుడే, అలాంటి చట్టం చేసుకుంది. క్రెడిట్ కార్డు కంపెనీకి, ఆసుపత్రికి లక్ష డాలర్లు బాకీ ఉన్నా వాళ్లు ఇంటి జోలికి రాలేరు. కానీ 1987లో ఇన్‌వుడ్ కాలనీ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఈ రక్షణ హెచ్ఓఏ చందాకు వర్తించదని తీర్పు చెప్పింది. చందా కడతానన్న షరతు ఆ స్థలంతోనే పుట్టింది, ఇల్లు కొన్నవాడి హక్కు తర్వాత వచ్చింది అన్నది కోర్టు తర్కం. ఫలితంగా ప్రాణం నిలిపిన ఆసుపత్రికి లేని అధికారం గడ్డి కత్తిరించే సంఘానికి దక్కింది.

ఆ అధికారం ఎక్కడిదాకా పోయిందో రెండు సంఘటనలు చూస్తే చాలు. 2001లో హ్యూస్టన్‌లో ఎనభై దాటిన ఒక వితంతువు ఎనిమిది వందల పైచిలుకు డాలర్ల బాకీకి, లక్షన్నర డాలర్ల ఇంటిని పోగొట్టుకుంది. వేలంలో అది పోయింది 5,000 డాలర్లకు. 2008లో ఫ్రిస్కోలో ఒక సైనికాధికారి ఇరాక్‌లో విధుల్లో ఉండగా, సుమారు 800 డాలర్ల బాకీకి అతని ఇంటిని వేలం వేశారు. ఇంటి విలువ దాదాపు మూడు లక్షల డాలర్లు, దాని మీద గృహరుణం కూడా లేదు. మూడున్నర వేలకు పోయింది. పెద్ద గొడవ జరిగాక రెండు ఇళ్లూ వాళ్ల చేతికి తిరిగి వచ్చాయి, కానీ పత్రికలకెక్కడం వల్ల వచ్చాయి. ఫ్రిస్కో వేలం నాటి లెక్క చూడండి. సంఘానికి రావాల్సింది ఎనిమిది వందలు, వచ్చింది. యజమాని కోల్పోయింది మూడు లక్షలు. మధ్యలో ఉన్న సొమ్మంతా, కాలనీతో ఏ సంబంధమూ లేని, వేలంలో చెయ్యెత్తిన వ్యక్తి జేబులోకి వెళ్లింది. వేలంలో మిగిలింది యజమానికే చెందుతుందని చట్టం అంటుంది నిజమే. కానీ మూడు లక్షల ఇల్లు మూడున్నర వేలకు పోతే మిగిలేదేముంది? బాధ్యత గుర్తుచేయడానికే ఇదంతా అనేవాళ్లు ఈ ఒక్క లెక్కకు జవాబు చెప్పాలి. చందా ఎగ్గొట్టడం తప్పే, ఆ తప్పు ఖరీదు మూడు లక్షలని ఎవరు నిర్ణయించారు?

ఇదే లెక్క మన్యంలో తరాలపాటు నడిచింది. మైదానం నుంచి ఎక్కొచ్చిన షావుకారు సంతలో ఉప్పు, బట్ట, విత్తనం అప్పుగా ఇచ్చేవాడు. పద్దు అతని దగ్గరే, లెక్క అతని నోటనే. చోళ్లు, పసుపు, వలిసెలు పండగానే ఆ పంట అతనికే చేరేది. అప్పటికీ తీరకపోతే చింతచెట్లు, పనసచెట్లు తాకట్టులోకి వెళ్లేవి, ఆ తర్వాత పొలం. పొలం లేనివాడు తన ఒంటినే తాకట్టు పెట్టి గొత్తి మనిషిగా అప్పిచ్చినవాడి ఇంట పనికి కుదిరేవాడు. విశాఖ, కోరాపుట్ కొండల్లో గొత్తి అంటే అప్పు కింద మనిషిని కట్టేసుకోవడమే. మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. గిరిజనుడి అప్పు మీద వడ్డీ 24 శాతం మించకూడదు, చక్రవడ్డీ కుదరదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు, ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనేతరుడికి భూమి రాసిస్తే ఆ రాత చెల్లదు. 1940లో అప్పు వెట్టిని రద్దు చేస్తూ మరో చట్టం, 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద ఇంకో నిబంధన వచ్చాయి. తెల్లదొరల ప్రభుత్వం గిరిజనుల మీద ప్రేమ పొంగి 1917 చట్టం చేసిందని నేను అనను. 1879 రంపా పితూరీ చూసిన ప్రభుత్వం అది. అప్పుల్లో భూములు పోతే కొండలు తిరగబడతాయని దానికి తెలుసు. ఉద్దేశం ఏదైనా, చట్టంలో పెట్టిన సూత్రం సరైనది: అప్పు అప్పుగానే తీరాలి, అప్పు భూమిగా మారకూడదు.

దీనికి మొదటి అభ్యంతరం న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. వంద ఇళ్ల కాలనీలో పదిమంది చందా కట్టకపోతే మిగతా తొంభై మంది ఆ భారం మోస్తారు. లిఫ్టు ఆగదు, కాపలాదారు జీతం ఆగదు, నీటి మోటారు కరెంటు బిల్లు ఆగదు. నెలనెలా ఠంచనుగా కట్టే విశ్రాంత ఉపాధ్యాయుడు, కట్టగలిగీ కట్టని వ్యాపారి వాటా కూడా కట్టాల్సిరావడం అన్యాయం. ఇల్లు సొంతమైతే దాని చుట్టూ ఉన్న ఉమ్మడి ఖర్చు కూడా సొంతమే. ఇందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కాబట్టి వసూలు చేయాలి, గట్టిగా చేయాలి. కోర్టులో దావా వేయండి, న్యాయమైన వడ్డీ వేయండి, జీతం, బ్యాంకు ఖాతా మీద చట్టం అనుమతించినంత రాబట్టండి, సంఘం ఎన్నికల్లో ఓటు ఆపండి, ఈతకొలను మూసేయండి, వాయిదాలు కట్టించుకోండి. ఇవన్నీ తప్పించుకున్నా ఇల్లు అమ్మిన రోజున బాకీ మొత్తం ముందు మినహాయించుకోండి. ఇల్లు ఎక్కడికీ పారిపోదు. ఆ ఎనిమిది వందలు ఆలస్యంగానైనా వస్తాయి. తొంభై మందికి జరిగిన అన్యాయం సరిదిద్దడానికి ఆ ఒక్కడు వీధిన పడాల్సిన అవసరమే లేదు.

రెండో మాట, ‘సంతకం పెట్టాడు కదా’ అన్నది. పెట్టాడు. షావుకారు పద్దులో వేలిముద్ర వేసినవాడూ వేశాడు. ఆ వేలిముద్రకు 1917 చట్టం విలువ లేకుండా చేయలేదు, దాని బలానికి హద్దు గీసింది, అంతే. ‘చదువురాని కొండమనిషికి రక్షణ కావాలి, హెచ్ఓఏ ఒప్పందం చదవగల సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఎందుకు’ అని ఎవరైనా అడగొచ్చు. ఫ్రిస్కోలో ఇల్లు పోయినవాడు చదువుకున్న సైనికాధికారే. మనిషిని చదువు కాపాడలేని సందర్భాలు ఉంటాయి: దూరదేశంలో ఉద్యోగం, జబ్బు, చావు, తెరవకుండా పడి ఉన్న ఉత్తరాలు. పైగా ఆ ప్రాంతంలో కొత్తగా కట్టే కాలనీల్లో సంఘం లేనివి అరుదు. ఎటు చూసినా అదే షరతు ఉన్నప్పుడు ఆ సంతకాన్ని పూర్తి ఇష్టంతో పెట్టిందనడం కష్టం. అయినా నా వాదన అమాయకత్వం మీద ఆధారపడింది కాదు. బాకీకీ జప్తుకీ మధ్య తూకం ఉండాలన్నదే. ఆ తూకం ఇంజనీరుకూ వర్తిస్తుంది, కొండదొరకూ వర్తిస్తుంది.

మూడో అభ్యంతరం బ్యాంకర్ల నోట, పర్యాటక పెట్టుబడిదారుల నోట ఎక్కువగా వినిపిస్తుంది: భూమి జప్తు చేయలేకపోతే గిరిజనుడికి అప్పెవరిస్తారు? ఈ ప్రశ్నకు చట్టమే ఎప్పుడో సమాధానం చెప్పింది, అది చాలామందికి తెలియదు. 1971లో నిబంధనకు చేర్చిన 3ఏ సెక్షన్ ప్రకారం సహకార సంఘాలకు, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకులకు భూమిని స్వాధీనం ఇవ్వకుండా తనఖా పెట్టొచ్చు. అప్పు తీరకపోతే అమ్మకం కూడా జరగొచ్చు, కానీ కొనేవాడు గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో కావాలి. దీన్ని ఎంత ఆలోచించి రాశారో చూడండి. అప్పు పుడుతుంది, వసూలూ ఆగదు, కానీ అప్పు సాకుతో కొండ చేతులు మారదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా పెట్టిన గిరిజన సహకార సంస్థ పుట్టుకలోనూ ఇదే ఆలోచన ఉంది. అప్పుకు, అమ్మకానికి షావుకారు తప్ప దిక్కులేని స్థితి తప్పిస్తే భూమి నిలుస్తుంది. ఆ సంస్థ పనితీరు మీద కాఫీ రైతులకూ మిరియాల రైతులకూ ఫిర్యాదులు ఉంటే వాటిని పరిష్కరించాలి. భూమికి ఉన్న తలుపు తీసేయడం వాటికి పరిష్కారం కాదు.

చట్టం ఉండి కూడా భూములు పోయాయి కదా అంటే, పోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిలో దాదాపు సగం గిరిజనేతరుల చేతుల్లో ఉందని అంచనాలు చెబుతూ వచ్చాయి. గిరిజన మహిళను పెళ్లాడి ఆమె పేరున కొనడం, పనివాడి పేరున పట్టా పెట్టి తాను అనుభవించడం, దీర్ఘకాల కౌలు పేరిట రిసార్టు కట్టుకోవడం, ఇవి ఏజెన్సీలో ఎవరికీ కొత్త సంగతులు కావు. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడితే గానీ, 1997 జులైలో, ప్రైవేటు కంపెనీలకు షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజులు ఇవ్వడం చెల్లదన్న తీర్పు రాలేదు. ప్రభుత్వం కూడా ఆ నిబంధన కింద ఒక ‘వ్యక్తి’యేనని, తన భూమినైనా గిరిజనేతరుడికి ఇవ్వలేదని ఆ తీర్పు చెప్పింది. చట్టానికి తూట్లు పడ్డాయంటే తూట్లు పూడ్చాలి. తూట్లు పడ్డాయి కాబట్టి గోడే తీసేద్దామనే వాదన, దొంగతనాలు ఆగలేదు కాబట్టి తాళాలు అమ్మడం మానేద్దామన్నట్టు ఉంటుంది.

మైదానంలోని మన చట్టంలోనూ ఈ వివేకం పూర్తిగా లేకపోలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షన్, రైతు, కూలీ తాము నివసించే ఇంటిని డబ్బు డిక్రీ కింద జప్తు చేయకుండా కాపాడుతుంది. అదే కోడ్ 21వ ఆర్డరు 64వ రూలు ప్రకారం బాకీ తీరడానికి ఎంత అవసరమో అంత భాగమే అమ్మాలి. 1989లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే, చిన్న బాకీకి భూమినంతా ఒకే ముక్కగా వేలం వేయడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టి, అవసరమైనంతే అమ్మడం కోర్టు దయ కాదు, విధి అని స్పష్టం చేసింది. ఆ తర్కమే ఇప్పుడు అమెరికాలోనూ బలపడుతోంది. 2023 మేలో, మిన్నెసోటాలోని హెనెపిన్ కౌంటీ 15,000 డాలర్ల పన్ను బాకీకి 40,000 డాలర్లకు ఒక ఫ్లాటు అమ్మి మిగతా 25,000 తానే ఉంచేసుకున్న కేసులో, అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది రాజ్యాంగ విరుద్ధమంది. హ్యూస్టన్ ఘటన తర్వాత టెక్సస్, వేలంలో పోయిన ఇంటిని 180 రోజుల్లో విడిపించుకునే హక్కు ఇచ్చింది. కాలిఫోర్నియాలో బాకీ 1,800 డాలర్లు దాటితేనో, ఏడాది మించితేనో తప్ప సంఘం ఇంటి మీదకు రాలేదు. ఇవి మంచివే, కానీ అంచుల్లో వేసిన అతుకులు. ఇల్లు పోయే అవకాశం మాత్రం అలాగే ఉంది.

2025 జనవరిలో విశాఖపట్నంలో జరిగిన పర్యాటక సదస్సులో, పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలని శాసనసభాపతి స్థానంలో ఉన్న నాయకుడే అన్నారు. ఫిబ్రవరిలో ఏజెన్సీ రెండు రోజులు బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఆ మాట మీద ప్రభుత్వం నిలబడాలి, అంతటితో ఆగకుండా బినామీ పట్టాల కేసులను పాడేరు, రంపచోడవరం కార్యాలయాల్లో ఏళ్ల తరబడి మూలుగుతున్న స్థితి నుంచి బయటపడేయాలి. ఇక అమెరికాలో కాలనీ సంఘాల బోర్డుల్లో కూర్చునే తెలుగువారికి ఒక విజ్ఞప్తి. మీ సంఘం నియమావళి తీసి చూడండి. చందా బాకీకి ఇల్లు వేలం వేసే షరతు అందులో ఉంటే, దాన్ని తొలగించే తీర్మానం వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరే పెట్టండి.