పెళ్లిచూపులకేనా ఎత్తు కొలిచేది?

సంబంధం చూసేటప్పుడు మన ఇళ్లలో అమ్మాయి ఎత్తు మీద పెద్ద చర్చే జరుగుతుంది. ‘అబ్బాయి భుజం దాకా అయినా వస్తుందా?’ అని ఆరా తీస్తారు. అదే అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు తోటిపిల్లల కన్నా బెత్తెడు తక్కువుంటే, ‘ఆడపిల్ల పొట్టిగుంటే ఏమాయ! వాళ్ల నాయనా గిడ్డోడే కదా’ అనేసి ఊరుకుంటాం. మగపిల్లాడైతే డాక్టరు దగ్గరికి పరుగెడతాం.

కళ్యాణదుర్గం లాంటి కరువు సీమలో ఇంకో చిక్కుంది. వేరుశనగ ఎండిపోయి, పెద్దలు వలసపోయే ఇళ్లలో పిల్లలు గిడసబారితే ఎవరికీ వింతగా అనిపించదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. వీళ్లలో తిండి చాలనిదెవరికో, జబ్బున్నదెవరికో కంటితో చూసి చెప్పలేం. థైరాయిడ్ లోపం, గ్రోత్ హార్మోన్ లోపం, ఆడపిల్లలకు మాత్రమే వచ్చే టర్నర్ సిండ్రోమ్, అన్నీ ‘పిల్లకు బలం లేదు’ అనే ఒక్కమాట చాటున దాగిపోతాయి. టర్నర్ ఉన్న పిల్లకు గుండె కూడా పరీక్షించాలి. అంటే ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు.

వీటిని విడదీసి చెప్పేవారే పిల్లల హార్మోన్ల డాక్టర్లు. వారు ముందుగా అడిగేది ఎత్తుల లెక్క. నాలుగేళ్లు దాటాక, ఈడొచ్చేదాకా పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కూడా పెరగకపోతే కారణం వెతకాల్సిందే. ఆ తర్వాతే చేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు, రక్తపరీక్షలు. థైరాయిడ్ లోపమైతే రోజుకో చిన్న మాత్ర చాలు. ఏళ్ల తరబడి వేయించాల్సిన ఖరీదైన గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు కొందరికే అవసరం. అయితే దేనికైనా సమయముంది. పెద్దమనిషయ్యాక ఆడపిల్ల సాధారణంగా పెరిగేది 5 నుంచి 7 సెంటీమీటర్లే. ఎముకల చివర్లు మూసుకున్నాక ఏ మందూ ఎత్తు పెంచదు. పెళ్లీడులో ఎత్తు పెంచే పొడులు కొంటే డబ్బు దండగ.

ఈ నిపుణుల కోసం మనం బెంగళూరుకో హైదరాబాదుకో బస్సెక్కాలి. కూలి పోగొట్టుకుని వెళ్లిన తల్లి దగ్గర పాత లెక్కలేవీ లేకపోతే, ‘ఎంత పెరుగుతుందో చూద్దాం, ఆరునెలలాగి రండమ్మా’ అనక తప్పదు డాక్టరుకు. ఆ ఆరునెలలూ, ఆ బస్సుఛార్జీలూ ఇంట్లోనే మిగుల్చుకోవచ్చు కదా!

అంగన్‌వాడీలో ఎత్తూ బరువూ చూస్తారు. బడికెళ్లాక చాలాచోట్ల ఆ క్రమం తప్పిపోతుంది. ప్రోగ్రెస్ కార్డులో మార్కుల పక్కనే, ఏడాదికి రెండుసార్లు, ఎత్తు కూడా రాయాలంటాను నేను. బడివాళ్లు రాసేదాకా మనం ఆగనక్కర్లేదు. చెప్పులు విప్పించి గోడకు నిలబెట్టండి. తలమీద అట్టపుస్తకం ఆనించి గీత గీయండి, పక్కన తేదీ వేయండి. కొడుక్కే కాదు, కూతురికి కూడా. ఏడాది తిరిగినా గీత పైకి జరగకపోతే, ‘ఎదుగుతుందిలే’ అనే మాటలు వినకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. సంబంధాలు వచ్చేదాకా ఆగితే కొలత మిగులుతుంది గానీ, వైద్యానికి వేళ మిగలదు.