సర్కారీ టెండర్: గెలవడం ఒక ఎత్తు.. బిల్లు రావడం మరో ఎత్తు

2025 మార్చిలో హైదరాబాద్ సచివాలయంలో చిన్న కాంట్రాక్టర్లు ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క ఛాంబర్ ముందు బైఠాయించారు. కొత్త పనులు అడగడానికి కాదు, చేసిన పనులకు డబ్బులివ్వమని. తెలంగాణలో మాజీ సర్పంచులదీ అదే గోడు. ఏపీలో నీరు-చెట్టు బిల్లులు ఏళ్ల తరబడి ఆగి, కోర్టుల దాకా వెళ్లాయి. అయినా టెండర్ నోటిఫికేషన్ పడితే చాలు, పోటీ మాత్రం తగ్గడం లేదు. ఎందుకంటే ఊళ్లో ప్రభుత్వాన్ని మించిన పెద్ద కొనుగోలుదారు ఎవరున్నారు?

కొత్తగా టెండర్లలోకి దిగాలనుకునే చిన్న వ్యాపారి ముందు చూడాల్సింది రేటు కాదు. కొనేది ఎవరన్నది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు 2012 నాటి కొనుగోలు విధానం వర్తిస్తుంది. ఏడాది మొత్తం కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలి. ఇందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం. టెండర్ ఫారం ఉచితం, ధరావతు సొమ్ము అంటే ఈఎండీ కట్టక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద వెసులుబాటు ఇంకోటుంది. మీ ధర ఎల్1 కంటే 15 శాతం లోపు ఎక్కువున్నా, ఎల్1 పెద్ద సంస్థ అయితే, ఆ రేటుకే ఇస్తామని ఒప్పుకుంటే ఆర్డర్‌లో కనీసం 25 శాతం మీకు రావొచ్చు. బీహెచ్ఈఎల్, ఎన్ఎండీసీ లాంటి సంస్థలకు సరఫరా చేయాలనుకునేవాళ్లు ఈ నిబంధన నోటికి నేర్చుకోవాలి.

అయితే ఇక్కడే చాలామంది బోర్లా పడుతున్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అని ఈఎండీ లేకుండా బిడ్ వేస్తారు. తీరా సర్టిఫికెట్‌లో ‘ట్రేడింగ్’ అని ఉంటుంది. కొని అమ్మేవాళ్లకు ఈ రాయితీలు లేవు. తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకే. టెక్నికల్ బిడ్ దగ్గరే ఫైలు పక్కకు పోతుంది, ధర కవరు తెరవను కూడా తెరవరు. అన్నట్టు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. వేలకు వేలు అడిగే ఏజెంట్ల జోలికి పోనక్కర్లేదు.

సరుకులు, సేవలైతే 2016లో మొదలైన జెమ్ పోర్టల్ మంచి మొదటి మెట్టు. చిన్న మొత్తాలకు అధికారులు అక్కడే నేరుగా కొంటారు, పెద్ద మొత్తాలకు బిడ్ పిలుస్తారు.

మరి రోడ్డు, డ్రైనేజీ, స్కూలు గది లాంటి సివిల్ పనుల సంగతేంటి? ఇక్కడ 2012 విధానం వర్తించదు. రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్, డిజిటల్ సంతకం, కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్.. ఇవన్నీ ఉన్నాక అసలు అడ్డుగోడ అనుభవం. కేంద్ర విజిలెన్స్ కమిషన్ చెప్పిన కొలత ప్రకారం కోటి రూపాయల పనికి పోటీ పడాలంటే, గత ఏడేళ్లలో అలాంటివే 40 లక్షల పనులు మూడు, లేదా 50 లక్షలవి రెండు, లేదా 80 లక్షలది ఒకటి పూర్తి చేసి ఉండాలి. సబ్ కాంట్రాక్టులో ఎంత చెమటోడ్చినా సర్టిఫికెట్ పెద్ద కంపెనీ పేరు మీదే వస్తుంది. అందుకే చిన్నదైనా సొంత పేరు మీద పని చేసి, పూర్తయిన వెంటనే సర్టిఫికెట్ చేతిలో పడేలా చూసుకోవాలి. ఆ ఇంజనీర్ బదిలీ అయ్యాక తిరిగితే చెప్పులరగడమే.

ఇక రేటు. 20 లక్షల పనికి 30 శాతం లెస్ వేస్తే 14 లక్షలకు ఒప్పుకున్నట్టు. 25 శాతం దాటి లెస్ వేస్తే, అంచనాలో 75 శాతానికీ మీ రేటుకూ ఉన్న తేడా మొత్తానికి అదనపు గ్యారంటీ అడిగే పద్ధతి ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి ఉంది. అంటే ఇక్కడ మరో లక్ష బ్లాక్. పైగా బిల్లులో ఆదాయపన్ను టీడీఎస్, కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్, 1 శాతం లేబర్ సెస్ కోతలు. అంత లెస్‌కు వేసినవాళ్లు మిగుల్చుకునేది సిమెంటులోనా, కూలీల్లోనా అన్నది ఆ రోడ్డు రెండో వానకే చెప్పేస్తుంది. ఏపీలో 2019 నుంచి నడిచిన రివర్స్ టెండరింగ్‌ను 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది కానీ, లెస్‌ల పిచ్చి దానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది.

మరోవైపు ‘రింగ్’ బెడద. ఆన్‌లైన్‌లో ఎవరెంత వేశారో బయటికి కనపడదు, నిజమే. వేసేవాళ్లే ముందే కూర్చుని మాట్లాడుకుంటే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? కాంపిటీషన్ చట్టం ప్రకారం అది నేరుగా ఉల్లంఘనే. కొత్తవాళ్లకు ‘గుడ్‌విల్ తీసుకుని తప్పుకో’ అన్న కబురొస్తే, అందులో పడితే చట్టానికి దొరికేది తామూ అని గుర్తుంచుకోవాలి.

బిల్లు ఆగితే దారేంటి? 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ, అదీ నెలనెలా లెక్కగట్టి. ఫిర్యాదు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. అక్కడ ఓడిన కొనుగోలుదారు కోర్టుకెళ్లాలంటే తీర్పు సొమ్ములో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. ప్రభుత్వ శాఖలకూ ఇందులో మినహాయింపు లేదు.

వినడానికి బాగుంది కదా. కానీ సివిల్ పనుల కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్నదానిపై హైకోర్టులు వేర్వేరుగా చెప్పాయి. అదీగాక, వచ్చే ఏడాది మళ్లీ అదే శాఖలో టెండర్ వేయాల్సిన మనిషి అదే శాఖ మీద కేసు పెట్టడానికి సిద్ధపడడు. అధికారులకూ ఆ సంగతి తెలుసు. కాబట్టి బిడ్ వేసే ముందే ఆ పనికి నిధులు ఎక్కడివో అడగాలి. కేంద్ర పథకమా, బ్యాంకు రుణమా, రాష్ట్ర బడ్జెట్టా? పరిపాలన అనుమతి ఉత్తర్వులో ఏ పద్దు కింద ఇస్తారో రాసుంటుంది. ప్రీ-బిడ్ సమావేశం ఉంటే అక్కడే ఈ ప్రశ్న వేయొచ్చు, జవాబు రికార్డులోకి ఎక్కుతుంది.