నాలుగు వారాల్లో ఏం తేలుతుంది?
లా చదివే పిల్లలు ఇంటర్న్‌షిప్ అనగానే పెద్ద లాయర్ల ఆఫీసులకే ఎగబడతారని ఆడిపోసుకుంటాం గానీ, పేదల పక్షాన పనిచేద్దామని వచ్చినవాళ్లకూ అసలు చిక్కు నిబంధనలోనే ఉంది. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం ఐదేళ్ల కోర్సువాళ్లు 20 వారాలు, మూడేళ్లవాళ్లు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. స్వచ్ఛంద సంస్థలో చేసినా చెల్లుతుంది. కాకపోతే ఏ ఏడాదైనా ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. సమాచార హక్కు చట్టం కింద అధికారి జవాబివ్వడానికి గడువేమో 30 రోజులు! పింఛను ఆగిపోయిన ముసలమ్మను వెంటబెట్టుకుని ఓ అమ్మాయి మండలాఫీసుకు వెళ్లి, ఐదు రూపాయలు కట్టించి, అదెందుకు ఆగిందో అడిగే దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించిందనుకోండి. జవాబొచ్చేసరికి ఆ పిల్ల హాస్టల్లో సెమిస్టర్ పరీక్షలకు చదువుకుంటూ ఉంటుంది. వచ్చిన జవాబు ‘సమాచారం అందుబాటులో లేదు’ అనే ఒక్క ముక్కైతే, మొదటి అప్పీలుకు మళ్లీ 30 రోజులే గడువు. ఆ కాగితం ఎవరు రాయాలి? ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టంలో ఉంది, నిజమే. ఆ సంగతి ముసలమ్మకు తెలియొద్దూ? అందుకే ఇలాంటి ఫైలును కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఉంచి, వెళ్లే విద్యార్థి వచ్చే విద్యార్థికి అప్పగించాలి. బస్సు చార్జీలు కాలేజీయే పెట్టుకోవాలి. ఫీజులు ముక్కుపిండి వసూలు చేసేచోట అదేమంత ఖర్చు! సర్టిఫికెట్‌లోనూ వారాల లెక్కతోపాటు అప్పీలు ఎంతవరకొచ్చిందో రాయమనండి.