నాలుగు రోజుల నడకతో సరిపోదు

పొలం పని చేసుకునేవాడికి వేరే నడక ఎందుకని మన పల్లెల్లో చాలామంది అంటారు. ఎద్దులతో దున్నిన రోజుల్లో ఆ మాట నిజమే. నాగలి వెనక రైతు మైళ్ల కొద్దీ నడిచేవాడు. ఇవాళ ట్రాక్టరు దున్నుతోంది, మిషను కోస్తోంది. పొలానికి వెళ్లేది మోటారు సైకిలు మీద. గట్టు మీద నిలబడి నీళ్లు పారుతున్నాయో లేదో చూసి, మళ్లీ బండెక్కి ఇంటికొస్తున్నాం. తిండి మాత్రం పాత లెక్కే.

అందుకే ఒకప్పుడు పట్నం వాళ్ల జబ్బనుకున్న షుగరు ఇప్పుడు పల్లెల్లోనూ కనిపిస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది. డాక్టరు మాత్రలతోపాటు నడవమని కూడా చెబుతాడు. మర్నాడే మొదలుపెడతాం. ఐదో రోజు వాన, ఆరో రోజు పెళ్లి, ఆ తర్వాత నాట్లు. అంతటితో నడక సరి!

మొదటే పెద్ద లెక్క పెట్టుకోవడం వల్లే ఈ తిప్పలు. రోజుకు 10,000 అడుగులన్నది వైద్యులు తేల్చిన లెక్క కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టింది. ఆ సంఖ్య అలా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతున్నది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చురుగ్గా నడిస్తే చాలు. ఆ అరగంటను పది నిమిషాల చొప్పున మూడుసార్లుగా నడిచినా ఫలితముంటుంది. భోజనం తర్వాత నడిస్తే రక్తంలో షుగరు అంతగా పెరగదు.

కాబట్టి మానకుండా చేయగలిగిన లెక్కే పెట్టుకోవాలి. పొలం కిలోమీటరు లోపుంటే బండి తీయకూడదు. పాలకేంద్రానికీ, కొట్టుకీ కాలినడకనే వెళ్లాలి. వాన పడితే వసారాలోనే అటూ ఇటూ తిరగాలి. ఒకరోజు తప్పినా రెండోరోజు తప్పకూడదు. షుగరున్నవారు చెప్పులు లేకుండా నడవరాదు, మాత్రలు మానరాదు. గుండెజబ్బున్నవారు ముందు డాక్టరును అడగాలి.

మరి ఆడవారి మాటేమిటి? దీపాలు లేని రోడ్డు మీద తెల్లవారుజామున వారెలా నడుస్తారు? ఊరి బయటి దాకా దీపాలు వెలిగించడం, దారి పక్క ముళ్లకంప కొట్టించడం పంచాయతీకి మించిన పని కాదు. గ్రామసభలో ఈ సంగతి గట్టిగా అడగాలి.

షుగరు ముదిరితే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు దెబ్బతింటాయి. అప్పటి ఖర్చుకు ఎకరం అమ్మినా చాలదు. నడకకు పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా రేపు కూడా నడవాలన్న పట్టుదలే.